మోటుపల్లి శాసనంలో లేని కాయ



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. నేను పలకను. బతికుండగా ‘మాస్టారూ’ అనే తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పోయాక ఆ అలవాటు మార్చుకోవడం నావల్ల కాదు.

ఆయన మాకు సైన్సు చెప్పేవారు. సోమవారం పొద్దున బోర్డుకి కుడి మూల ఒక వింత రాసేవారు, శనివారం దాకా తుడవనిచ్చేవారు కాదు. ఒక వారం ‘కాకి వాలని కొండ ఏది?’ అని రాశారు. కోటప్పకొండ అని తెలియనివాడు ఈ చుట్టుపక్కల ఉండడు. స్వామి అభిషేకానికి గొల్లభామ ఆనందవల్లి మోసుకెళ్తున్న నీళ్ల బిందె మీద కాకి వాలి ఒలకబోసిందట. ఇక నీ జాతి ఈ కొండ మీద వాలకూడదని ఆమె శపించిందట. మాస్టారు ఆ కథ అబద్ధం అనలేదు, నిజమనీ అనలేదు. ఆదివారం మమ్మల్ని పది మందిని సైకిళ్ల మీద తీసుకెళ్లి, మధ్యాహ్నం దాకా కొండ మీద కూర్చోబెట్టి కాకుల్ని లెక్కపెట్టమన్నారు. ఒక్కటీ రాలేదు. గెలిచామని మేం కేకలు వేస్తే, ‘ఇవాళ్టికి సున్నా అని రాసుకోండి. పక్కన తేదీ వెయ్యండి’ అన్నారు. అంతే, తలా ఒక బిస్కెట్ పొట్లం కొనిపెట్టి ఇంటికి తీసుకొచ్చారు.

నా చదువు మొత్తంలో మిగిలింది ఆ తేదీ వేసే అలవాటే. ఇవాళ మన పత్తికీ మన మిరపకాయకీ తేదీలు వేద్దామని వచ్చాను. ఇంట్లో దొరికిన వస్తువు తాతగారిదే అనుకోవడం మనకి అలవాటు. తాతగారు దాన్ని ఎవరి దగ్గర కొన్నారో అడగం.

చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఇప్పుడు చూస్తే ఇసుక, సరుగుడు తోటలు, ఒక పాత గుడి. కాకతీయుల కాలంలో అది రేవుపట్నం. అక్కడి వీరభద్రస్వామి గుడిలో రాతి స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానులో పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పూర్వపు రాజులు మొత్తం లాక్కునేవారు; మేం మాత్రం నిర్ణయించిన సుంకం తీసుకుని మిగతాది వర్తకులకే వదిలేస్తాం అని అందులో ఉంటుంది. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం దాటి వచ్చేవాళ్ల మీద దయతో ఇది ఇస్తున్నానంటాడు రాజు. దయ ఉంది, ఆ దయ కింద చిన్న చురక కూడా ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఆ తరవాత సుంకాల పట్టీ మొదలవుతుంది. గంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పగడాలు, పట్టు, వక్కలు. మిరియాలు కూడా ఉన్నాయి. మిరపకాయ లేదు.

ఉండదు. అప్పటికి అది సముద్రానికి అవతలి ఒడ్డున, మెక్సికోలో, మనవాళ్ల ఊహకి కూడా అందని చోట పండుతోంది. కొలంబస్ 1492లో మిరియాల కోసం బయల్దేరి దాన్ని చూశాడు. పోర్చుగీసు ఓడలు ఆ తరవాత మన పడమటి తీరానికి తెచ్చాయి. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుంటే చరిత్ర కొంచెం తమాషాగా కనిపిస్తుంది. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివరిది. అంటే బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒక చాప మీద కూర్చోబెట్టి పెట్టించిన చాపకూటిలో మిరపకాయ లేదు. నాగమ్మ ఇంట్లోనూ లేదు. ఈ విషయంలో మాత్రం రెండు పక్షాలూ సమానమే. పల్నాటి తిండి మీద విసుక్కున్నాడని చాటువులు చెప్పుకునే శ్రీనాథుడు 15వ శతాబ్దం వాడు. ఆయన ఎన్ని తిట్టినా కారం ఎక్కువైందని మాత్రం తిట్టి ఉండడు.

మరి మనవాళ్లు దేంతో తిన్నారు? మిరియం, పిప్పలి, అల్లం, ఆవాలు. కొత్త కాయ వచ్చాక దానికి వేరే పేరు వెతకలేదు. మిరియం లాంటి కాయ, మిరపకాయ. తమిళులు మిళగు నుంచి మిళగాయ్ చేసుకున్నారు, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి. కొలంబస్ కూడా అదే పని చేశాడు, మిరియం పేరు దీనికి తగిలించాడు. ఇంకో విచిత్రం. జర్మనీలో లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే వైద్యుడు 1542లో మొక్కల గురించి పెద్ద పుస్తకం వేస్తూ మిరప బొమ్మ గీయించి, దాన్ని కాలికట్ మిరియం అన్నాడు. సముద్రం దాటి యాభై ఏళ్లయిందో లేదో, యూరపు కళ్లకి అది అప్పుడే ఇండియా మొక్క అయిపోయింది. 1776లో ఇంకొకాయన మరో మిరప జాతికి చైనా పేరు పెట్టాడు. ఆ జాతీ అమెరికాదే. తప్పుడు తేదీ వేసినవాళ్లం మనం ఒక్కళ్లమే కాదన్నమాట.

మాస్టారు ఒక సోమవారం బోర్డు మీద ‘గోంగూర పచ్చడిలో మనది ఏది?’ అని రాశారు. క్లాసంతా నవ్వింది. గోంగూర ఆఫ్రికా మొక్క. మిరపకాయ అమెరికాది. చింతపండు వేసేవాళ్లుంటే అదీ ఆఫ్రికాదే. పచ్చడి వదిలేసి పెరట్లో చూసినా, ఆముదం చెట్టూ అక్కడిదే. సంక్రాంతి గొబ్బెమ్మల మీద పెట్టే బంతిపువ్వు మెక్సికోది. శనివారం నాటికి మాకు మిగిలినవి ఉప్పు, నువ్వులనూనె, రోలు. అప్పుడు ఒక ఆడపిల్ల లేచి, ‘రుబ్బింది మా అమ్మ కదండీ’ అంది. మాస్టారు ఆ జవాబుకి పూర్తి మార్కులేశారు.

ఇక కాయ దగ్గరికి వద్దాం. జేబులో ఒకటి తెచ్చాను. నిలువుగా చీలిస్తే లోపల గింజలు ఒక తెల్లటి పొరకి అంటుకుని ఉంటాయి. కారం గింజలో ఉందని మనం అనుకుంటాం. తయారయ్యేది ఆ పొరలో. గింజకి అంటుకున్నది దాని పక్కన ఉన్నందుకే. ఆ పదార్థం పేరు క్యాప్సైసిన్. 1912లో విల్బర్ స్కోవిల్ అనే మందుల కంపెనీ ఆయన, మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోయి, నాలుకకి ఎక్కడ కారం తెలియకుండా పోతుందో చూసి దానికి కొలత పెట్టాడు. మన గుంటూరు సన్నం ఆ కొలతలో 35 వేల నుంచి 40 వేల దాకా ఉంటుంది.

కారం రుచి కాదు. ఇది డేవిడ్ జూలియస్ బృందం 1997లో తేల్చిన సంగతి, ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది. మన నరాల చివర వేడిని పసిగట్టే ఒక ద్వారం ఉంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకి కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ అదే ద్వారానికి దొంగ తాళంచెవి. అసలు వేడి లేకుండానే తెరిచేస్తుంది. నలభై మూడు డిగ్రీలంటే మనకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు, మే నెలలో రెంటచింతల. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు నాలుక తను రెంటచింతలలో ఉన్నాననుకుంటుంది. ఒళ్లంతా చెమట పట్టించి చల్లబరుచుకోవాలని చూస్తుంది.

కళ్ళంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్లకి ఈ సైన్సు నోబెల్ కన్నా ముందే తెలుసు. మా పెద్దమ్మ ముచ్చికలు తీసి వచ్చిన రోజు రాత్రి గోళ్ల సందులు మండి నిద్రపోయేది కాదు. నీళ్ల జోలికి వెళ్లేది కాదు. ముందు నూనె రాసి, తుడిచి, తరవాత మజ్జిగలో చేతులు ముంచేది. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. పాలలోని ప్రోటీను దాన్ని పట్టుకుని లాగేస్తుంది. ఆమె చేసిన వరస కూడా అదే. ముక్కూ నోరూ కప్పుతూ తలకి చుట్టిన తువ్వాలు విప్పుతుంటే, ఆ దుమ్ముకి గదిలో పిల్లలం అందరం ఒకేసారి తుమ్మేవాళ్లం. అది ఇప్పటికీ ముక్కులో ఉంది.

మరి పక్షులకి ఎందుకు మండదు? పంజరంలో చిలక్కి మనం ఇచ్చేది మిరపకాయే. పక్షుల్లోనూ ఆ ద్వారం ఉంది కానీ క్యాప్సైసిన్ తాళంచెవి దానికి పట్టదు. ఎలుకకి మండుతుంది, పిట్టకి మండదు. అడవి మిరపకి కావలసిందీ అదే. ఎలుక గింజ కొరికి పిండి చేస్తుంది. పిట్ట కాయ మింగి, గింజని చెడగొట్టకుండా ఇంకో చెట్టు నీడలో రెట్టతో వదిలిపెడుతుంది. ఇక్కడ చిలకని కొంచెం తక్కువ చెయ్యాలి. దాని ముక్కు గింజల్ని నలిపేస్తుంది, విత్తే పని దానిది కాదు. ఆ పని మింగేసే పిట్టలది. చిలకలూరిపేట వాళ్లు ఏమీ అనుకోకూడదు. బొలీవియా అడవుల్లో చూసినవాళ్లు ఇంకో కారణం కూడా చెప్పారు. పురుగులు పొడిచిన కాయలోకి ఒక బూజు దిగి గింజల్ని చంపుతుంది. ఆ పురుగులు ఎక్కువగా ఉన్నచోట మిరప ఎక్కువ ఘాటుగా ఉంది. కారం ఆ మొక్క పెట్టుకున్న కాపలా. కాయని ఏరి, ఎర్రగా పెంచి, టిక్కీల్లో తొక్కి కోల్డ్ స్టోరేజీకి పంపే మనం ఆ లెక్కలో ఎక్కడా లేం.

పత్తి కథ ఇంత సరదాగా ఉండదు.

మోటుపల్లికి మార్కో పోలో వచ్చిపోయాడంటారు. ఇక్కడి బట్ట సాలెపట్టులా ఉందని మెచ్చుకున్నాడు. గద్దలు మాంసం ముక్కలకి అంటిన వజ్రాలు లోయలోంచి ఎత్తుకొస్తాయని కూడా రాశాడు. వజ్రాల కథ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ ఊళ్లు తిరుగుతున్నదే కాబట్టి దాన్ని వదిలేద్దాం. బట్ట మాట నమ్మొచ్చు. ఆ బట్ట నేసింది దేశవాళీ పత్తితో. వేరే పత్తి అప్పటికి ఇక్కడ లేదు. దాని కణంలో క్రోమోజోములు 26. ఇవాళ మన రేగడి మీద పండేది దాదాపు అంతా అమెరికన్ పత్తి, దానికి 52. ఎందుకు రెట్టింపంటే, పది ఇరవై లక్షల ఏళ్ల కిందట పాత ప్రపంచపు పత్తి వంశం ఒకటి ఎలాగో అమెరికా చేరి అక్కడి అడవి పత్తితో కలిసింది. కలిసి పుట్టిన జాతిలో రెండు వంశాలూ నిండుగా ఉండిపోయాయి. అంటే వచ్చిన పరాయిదానిలో సగం మన పత్తికి చుట్టమే. మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీవాడు, ‘అత్తారింటి నుంచి వచ్చిందన్నమాట’ అన్నాడు.

1972లో కర్ణాటకలోని ధార్వాడ నుంచి ఒక హైబ్రిడ్ వచ్చింది. పేరు వరలక్ష్మి. ఇంతకన్నా తెలుగింటి పేరు ఉంటుందా? దాని తల్లీ తండ్రీ ఇద్దరూ అమెరికా ఖండపు జాతులే. పొడుగు పింజ, మంచి రేటు. అలాంటి హైబ్రిడ్లు చూసుకునే పొగాకు వేసినవాళ్లు కూడా పత్తికి మారారు. అయితే దేశవాళీ పత్తి పచ్చదోమకీ, రసం పీల్చే ఇతర పురుగులకీ చాలా వరకు తట్టుకుంటుంది, కొత్తది తట్టుకోలేదు. అది పుట్టిన చోటి పురుగులు వేరు, ఇక్కడివి వేరు. ఆ లోటు పూడ్చడానికి మందు వచ్చింది. మందు కొట్టగానే ముందు చచ్చింది అక్షింతల పురుగు, సాలీడు. అంటే పొలంలో జీతం లేకుండా పనిచేసేవాళ్లు. తెల్లదోమ పెరిగింది. దానికి ఇంకో మందు. దాని వెనకే పచ్చపురుగు, అది మందులకి అలవాటు పడిపోయింది.

1987-88 పత్తి ఏడాదికి నేను కాలేజీలో ఉన్నాను. మా నాన్న అప్పు మీద మందు తెచ్చేవాడు. ఆ కొట్టాయన, ఇది పనిచెయ్యకపోతే ఇదీ ఇదీ కలిపి కొట్టు అని ఇంకో రెండు డబ్బాలు ఖాతాలో రాసి పంపేవాడు. వారానికి రెండుసార్లు కొట్టినా కాయలో పురుగు ఒళ్లు విరుచుకుంటూనే ఉంది. ఒకరోజు నాన్న ఆ పురుగుని తెచ్చి అరిచేతిలో పెట్టి, మందు చుక్క నేరుగా దాని మీద పోశాడు. అది కాసేపు ముడుచుకుని, మళ్లీ నడిచింది. ఆయన ఏమీ అనలేదు. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందులో మా ఊరి పక్క ఊళ్లు ఉన్నాయి. నాన్న పొలం కౌలుకిచ్చి బయటపడ్డాడు. ఆ విషయాన్ని ఇంతకు మించి ఈ వేదిక మీద మాట్లాడలేను.

పరాయి మొక్క వచ్చిందని నాకు కోపం లేదు. ఆ లెక్కన గోంగూర కూడా తినకూడదు. గణపతిదేవుడు దూరదేశపు సరుకుని రానిచ్చాడు, కానీ ఏది వచ్చిందో రాతి మీద రాయించి రానిచ్చాడు. మనం మొక్కని దింపుకున్నాం, అది ఎవరిని వదిలేసి వచ్చిందో, ఇక్కడ ఎవరి పాలిట పడిందో పట్టీ రాసుకోలేదు. నా ఫిర్యాదు అంతవరకే.

ఆ పట్టీ ఇంకా పెరుగుతోంది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద ఒక తామర పురుగు కనిపించింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. 2021-22 పంటకాలానికి మన మిరప తోటల మీద పడింది. మనవాళ్లు దాన్ని నల్లతామర అన్నారు. పాత తామర పురుగు ఆకు మీద ఉండేది. ఇది పువ్వులోకి దూరి కూర్చుంటుంది, మందుకి అందదు. ఒక్క పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులిపితే మిరియప్పొడి చల్లినట్టు పడి, ఆ పొడి లేచి నడిచేది. పూత రాలిపోయింది. తోటలు పీకేసి మొక్కజొన్న వేసుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఎక్కువ కొట్టినచోట అది ఎక్కువైందని ఈసారి కొంచెం త్వరగానే తెలిసింది, అదొక్కటే తేడా.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పడతాను. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుల్లో వేల పక్షులు చెట్లమీద కిక్కిరిసి ఉంటాయి. ఊరివాళ్లు వాటిని కొట్టనివ్వరు, వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఆ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని చూడ్డానికి వెళ్లినవాళ్లందరూ చెబుతారు. సైబీరియా నుంచి చలికాలానికి వచ్చే పక్షి తన గూడు అక్కడే కట్టుకుంటుంది, ఇక్కడ కట్టదు. ఉప్పలపాడులో గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ, నత్తగుల్ల కొంగలూ గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతున్నాయి. ఇవి ఈ దేశపువి. మెక్సికో కాయని తాతగారి ఆస్తి అనుకున్నాం, సొంత కొంగకి సైబీరియా చిరునామా రాశాం. తేదీ వెయ్యకపోతే రెండు వైపులా తప్పు పడుతుంది.

మా తమ్ముడు మళ్లీ మిరప వేస్తున్నాడు. ఈ సంవత్సరం తోట చుట్టూ మూడు వరసలు జొన్న, మధ్య మధ్యలో బంతి, గట్టు మీద ఆముదం, కర్రలకి నీలిరంగు జిగురు అట్టలు. పచ్చపురుగు బంతి మీదికీ, లద్దెపురుగు ఆముదం మీదికీ పోతాయని వాడి నమ్మకం, పుస్తకాల్లోనూ అలాగే ఉంది. వానలకి ముందే నవధాన్యాలు చల్లాడు. ప్రకృతి వ్యవసాయం వాళ్లు చెప్పారట. 2016లో మన రాష్ట్రంలో మొదలైన ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతిలో వాటా వచ్చింది. ఓడల్లో మిరప తెచ్చిన దేశం అది అని తమ్ముడితో అంటే, ‘అయితే బాకీ కొంత తీర్చినట్టే’ అన్నాడు. దిగుబడి సంగతి వాడు ఇంకా చెప్పడం లేదు. నేను అడగడం లేదు. జొన్న మీద చిలకలు వాలుతున్నాయి, డబ్బా కొట్టే కుర్రాడికి రోజుకి నాలుగు వందలు.

రాత్రి మాస్టారి ఇంట్లో పడుకున్నాను. పొద్దున్నే పెరట్లోకి వెళ్తే, వాడకం మానేసిన బావి గట్టు రాళ్ల సందులో ఒక మొక్క ఉంది. జానెడు కాండం, వేలెడు కూడా లేని కాయలు, ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి. ఎవరు వేశారమ్మా అని మాస్టారి కోడల్ని అడిగాను. ‘ఎవరూ వెయ్యలేదు బాబాయ్ గారూ, నీళ్లు కూడా పొయ్యం’ అంది. గిలక మీద పిగిలిపిట్ట ఒకటి కూర్చుని ఉంది, కింద రాయి మీద తెల్లటి రెట్ట. కాయ ఒకటి తుంచి కొరికాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోట్‌బుక్ తీసి, బావి గట్టు, ఒక మొక్క, పదకొండు కాయలు, ఒకటి నేను తిన్నాను అని రాసి, పక్కన తేదీ వేశాను.